తొట్టె పెద్దదైతే వాటా పెరగదు

ఇంటర్నెట్ సామర్థ్యాన్ని పంచేది చట్టాలే కాదు, కొన్ని వరుసల ప్రోగ్రాము కూడా

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తీరానికి సమీపంలో సముద్రగర్భాన రెండు కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఫ్లాగ్ యూరప్-ఆసియా, సీమీవీ-4 అనే ఆ రెండు తీగల మీదుగానే దక్షిణాసియా నుంచి ఐరోపాకు సాగే సమాచార రవాణాలో అధిక భాగం జరిగేది. ఫలితంగా భారత్, పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఇంటర్నెట్ నత్తనడక పట్టింది. 2006లోనే తొలిసారి సముద్ర కేబుల్ సదుపాయం పొందిన బంగ్లాదేశ్‌కు ఆనాటికి ఉన్నది సీమీవీ-4 ఒక్కటే. మన దేశంలోని సంస్థలు పసిఫిక్ మార్గం గుండా రవాణాను మళ్లించి కొంతవరకు గట్టెక్కాయి.

ఇటువంటి సందర్భాలలో అందరి దృష్టీ తెగిన తీగ మీదనే నిలుస్తుంది. మిగిలిన తీగలోని చోటు ఎవరికి ఎంత దక్కిందన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. నిజానికి ఏ తీగా తెగని రోజున కూడా ఆ ప్రశ్న ప్రతి క్షణం ఎదురవుతూనే ఉంటుంది. ఒక కార్యాలయంలో, ఒక కళాశాలలో, ఒక ఇంటిలో, ఒక సర్వర్ ముందు ఉన్న తీగ ఒక్కటే; దానిని కోరుకునేవారు అనేకులు. ఈ పంపకాన్ని నిమిషనిమిషానికీ నిర్ణయించేది మంత్రిత్వ శాఖలు కావు. రౌటర్లలోను, సర్వర్లలోను నడిచే, అత్యధిక భాగం సి భాషలో రాసిన ప్రోగ్రాములే ఆ పని చేస్తున్నాయి. ఒక్కో విడతలో ఎవరి నుంచి ఎన్ని బైట్లు చదవాలి, వంతు రాని వాటిని ఎంతవరకు నిల్వ ఉంచాలి అనే రెండు చిన్న నిర్ణయాలలోనే న్యాయాన్యాయాలు ఇమిడి ఉన్నాయి.

కాలువ చివరి భూముల కష్టం

కాలువ నీటితో పరిచయం ఉన్నవారికి ఈ సమస్య కొత్తది కాదు. కాలువ మొదట్లోని రైతులు తూములు బార్లా తెరిస్తే చివరి ఆయకట్టుకు తడి అందదు. కాలువలో మొత్తం నీరు సరిపడా ఉన్నా ఈ కష్టం తప్పదు. అందుకే పంజాబ్, హర్యానా రాష్ట్రాలలో 'వారబందీ' పద్ధతి అమలులో ఉంది. వారంలో ఏ రోజున, ఏ గంట నుంచి ఏ గంట వరకు ఎవరి పొలానికి నీరు పారాలో భూమి విస్తీర్ణాన్ని బట్టి ముందే నిర్ణయిస్తారు. తెలుగు గ్రామాలలో ఈ వంతుల బాధ్యతను నీరుగంటి చూసేవాడు.

ఇంటర్నెట్‌లో నీరుగంటి పాత్రను సాఫ్ట్‌వేర్ పోషించాలి. అయితే కాలువకు లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. నీరుగంటి వారంలో కొన్నిసార్లు తూము మారిస్తే సరిపోతుంది. ప్రోగ్రాము మాత్రం సెకనుకు వేలసార్లు, కొన్నిచోట్ల లక్షలసార్లు వంతు మార్చవలసి ఉంటుంది. కనుక లెక్క సరిగా ఉండటంతోపాటు అతి తక్కువ శ్రమతో తేలాలి. ఈ రంగంలో గడచిన 40 ఏళ్ల పరిశోధన అంతా ఈ రెండింటి మధ్య పొత్తు కుదర్చడానికి జరిగిన ప్రయత్నమే.

రెండు తొట్టెల నడుమ

సర్వర్‌కు సమాచారం చేరే క్రమం ఇలా ఉంటుంది. తీగ వెంట ప్యాకెట్ల రూపంలో వచ్చిన సమాచారాన్ని నెట్‌వర్క్ కార్డు అందుకుంటుంది. కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్ వాటిని సరిచూసి, ఏ కనెక్షన్‌కు చెందిన వాటిని ఆ కనెక్షన్ పేరిట ఒక తాత్కాలిక నిల్వలో ఉంచుతుంది. ఈ నిల్వనే బఫర్ అంటారు. ప్రోగ్రాము 'రీడ్' అని ఆజ్ఞాపించినప్పుడు అందులోని బైట్లు ప్రోగ్రాముకు చెందిన మరో బఫర్‌లోకి మారతాయి. అంటే ఒక తొట్టె కెర్నెల్‌ది, రెండవది ప్రోగ్రాముది.

కెర్నెల్ తొట్టెలో ఇంకా ఎంత ఖాళీ ఉందో టీసీపీ పద్ధతి అవతలి వైపున పంపుతున్న కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు తెలియజేస్తుంది. ప్రోగ్రాము చదవడం ఆపితే తొట్టె నిండుతుంది. ఖాళీ సున్నా అని కబురు పోతుంది. అవతలి కంప్యూటర్ పంపడం నిలిపివేస్తుంది. అంటే ఇక్కడి ప్రోగ్రాము కేవలం చదవకుండా ఊరుకోవడం ద్వారా సముద్రాల ఆవలి కంప్యూటర్‌ను అదుపు చేయగలదు. వాటాల పంపకంలో ప్రోగ్రామరు చేతిలో ఉన్న మొదటి ఆయుధం ఇదే.

తొట్టె మరీ చిన్నదైనా ప్రమాదమే. తొలినాటి టీసీపీలో ఖాళీని తెలిపే అంకెకు 16 బిట్ల స్థానమే కేటాయించారు. అందువల్ల ఒకేసారి దారిలో ఉండగల సమాచారం 65,535 బైట్లకు మించేది కాదు. భూస్థిర ఉపగ్రహం ద్వారా సందేశం వెళ్లి జవాబు రావడానికి సుమారు అర సెకను పడుతుంది. ఈ లెక్కన ఒక కనెక్షన్ సెకనుకు దాదాపు 10.5 లక్షల బిట్లను దాటలేదు. ఉపగ్రహ మార్గం సామర్థ్యం 20 లక్షల బిట్లైనా ఆ కనెక్షన్‌కు సగమే ఉపయోగపడుతుంది. 1992లో ఈ పరిమితిని పెంచే సవరణ వచ్చింది. దారి పొడవును బట్టి, వేగాన్ని బట్టి తొట్టె పరిమాణం ఉండాలన్నది అప్పటి నుంచి అంగీకృత సూత్రం. అయితే ఎంత పెద్దదైతే అంత మేలన్న అపోహ కూడా ఆ వెంటనే బయలుదేరింది. దాని ఫలితాలు తరువాత గాని బయటపడలేదు.

1986 నాటి గుణపాఠం

అందరూ తమకు తోచినంత పంపితే ఏమవుతుందో 1986 అక్టోబరులో ప్రపంచానికి తెలిసివచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలు మాత్రమే. ఆ రెండింటి మధ్య సెకనుకు 32 కిలోబిట్ల వేగంతో సాగిన రవాణా హఠాత్తుగా 40 బిట్లకు పడిపోయింది. అంటే 800వ వంతుకు దిగజారింది. తీగకు ఏ లోపమూ లేదు. రద్దీలో ఆలస్యమైన ప్యాకెట్లు పోయాయని భ్రమించి కంప్యూటర్లు వాటినే మళ్లీ మళ్లీ పంపాయి. రౌటర్ల తొట్టెలు నకళ్లతో నిండిపోయి అసలు సమాచారానికి చోటు లేకపోయింది.

ప్రయోగశాలకు చెందిన వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ కారెల్స్ కలిసి దీనికి విరుగుడు కనుగొన్నారు. మొదట కొద్దిగా పంపాలి. జవాబులు సక్రమంగా వస్తుంటే పెంచాలి. ప్యాకెట్ పోయిందంటే రద్దీ ఉన్నదని గ్రహించి వేగాన్ని బాగా తగ్గించాలి. ఈ మార్పులు 1988లో బర్క్‌లీ యూనిక్స్‌లో చేరాయి. మెల్లగా పెంచి, ఒక్కసారిగా సగానికి తగ్గించే ఈ తరహా పద్ధతిలో పాల్గొనే వారందరూ క్రమేణా సమాన వాటాల వైపు చేరుకుంటారని 1989లో డా-మింగ్ చియు, రాజ్ జైన్ గణితపరంగా నిరూపించారు. రాజ్ జైన్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పూర్వ విద్యార్థి కావడం విశేషం.

పంపకం ఎంత న్యాయంగా ఉందో కొలిచే సూచీ కూడా జైన్ పేరుతోనే ప్రసిద్ధి పొందింది. నలుగురికీ సమానంగా దక్కితే ఆ సూచీ 1. ముగ్గురు సమానంగా పంచుకుని నాలుగవ వ్యక్తికి ఏమీ దక్కకపోతే 0.75. ఒక్కరే మొత్తం కాజేస్తే 0.25. న్యాయం అనే మాటను అంకెలలోకి దించిన ఈ సూచీని నెట్‌వర్క్ పరిశోధకులు నేటికీ వాడుతున్నారు.

ఒక్కొక్కరికి ఒక గుక్క

సర్వర్‌లో నడిచే సాధారణ ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకుందాం. దానికి వేయి మంది ఖాతాదారుల కనెక్షన్లు ఉన్నాయి. ఒకరు నగరంలో వేగవంతమైన ఫైబర్ మీద నుంచి పెద్ద ఫైలు పంపుతున్నారు. మరొకరు మారుమూల గ్రామం నుంచి సెల్‌ఫోన్‌లో ఒక దరఖాస్తు నింపి పంపుతున్నారు. ప్రోగ్రాము మొదటి కనెక్షన్ వద్దకు వచ్చి, 'ఇక్కడ ఉన్నదంతా అయిపోయేవరకు చదువు' అన్న ధోరణిలో రాసి ఉంటే చిక్కు మొదలవుతుంది. చదువుతున్నంత సేపట్లో వేగవంతమైన తీగ తొట్టెను మళ్లీ నింపుతూనే ఉంటుంది. 'అయిపోయేవరకు' అన్న క్షణం రానే రాదు. రెండవ వ్యక్తి దరఖాస్తు కొన్ని వందల బైట్లే అయినా దాని వంతు రాదు.

లినక్స్‌లో అనేక కనెక్షన్లను ఒకేసారి కనిపెట్టి ఉండే 'ఈపోల్' అనే సదుపాయం ఉంది. ఒక కనెక్షన్‌ను పూర్తిగా ఖాళీ చేయాలని చూస్తే మిగిలినవి పస్తులుండే ప్రమాదం ఉందని దాని వినియోగ పత్రమే హెచ్చరిస్తోంది. మార్గం సులువైనదే. ఒక్కొక్క కనెక్షన్ నుంచి ఒక విడతలో, ఉదాహరణకు, 16 కిలోబైట్లకు మించి చదవరాదు. ఇంకా మిగిలి ఉంటే ఆ కనెక్షన్‌ను వరుస చివరకు పంపి తరువాతి దానిని పలకరించాలి. లినక్స్ కెర్నెల్ సైతం నెట్‌వర్క్ కార్డుల పట్ల ఇదే నియమం పాటిస్తోంది. సాధారణ అమరికలో ఒక కార్డు నుంచి ఒక విడతలో 64 ప్యాకెట్లు, అన్ని కార్డుల నుంచి కలిపి ఒక దఫాలో 300 ప్యాకెట్లు మాత్రమే స్వీకరిస్తుంది. ఆపైన ఇతర పనులకు అవకాశం ఇస్తుంది.

మొత్తం వేగానికి కూడా హద్దు పెట్టవలసి వస్తే 'టోకెన్ బకెట్' అనే పద్ధతి వాడతారు. ప్రతి క్షణం నిర్ణీత సంఖ్యలో టోకెన్లు బుట్టలో పడుతుంటాయి. ఒక బైటు చదవాలంటే ఒక టోకెన్ చెల్లించాలి. బుట్ట ఖాళీ అయితే చదవడం ఆగుతుంది. బుట్ట పరిమాణం ఎంతో అంతవరకే ఒక్కసారిగా వాడుకునే వీలుంటుంది. ఉన్న టోకెన్లను మొదట వచ్చిన కనెక్షనే ఊడ్చుకుపోకుండా అందరికీ భాగాలు చేయడం ఇక్కడ కీలకం.

అలాగని అందరికీ గుడ్డిగా సమానం చేయడమూ సరికాదు. సెకనుకు 10 మెగాబిట్ల తీగను నలుగురు పంచుకుంటున్నారని, వారి అవసరాలు వరుసగా 1, 2, 6, 8 మెగాబిట్లని అనుకుందాం. తలా 2.5 చొప్పున కేటాయిస్తే మొదటి ఇద్దరి వద్ద 2 మెగాబిట్లు వృథాగా మిగులుతాయి. కనుక మొదటి ఇద్దరికీ అడిగినంతా ఇచ్చి, మిగిలిన 7 మెగాబిట్లను తక్కిన ఇద్దరికీ 3.5 చొప్పున పంచాలి. తక్కువ కోరినవారికి లోటు లేదు. ఎక్కువ కోరినవారి మధ్య వివక్ష లేదు. తీగలో చోటు వృథా కాదు. నెట్‌వర్క్ శాస్త్రంలో న్యాయమైన పంపకం అంటే సాధారణంగా ఉద్దేశించేది దీనినే.

బాకీ మరచిపోని లెక్క

జాకబ్సన్ పద్ధతిలో ఒక లోపం ఉంది. పంపేవారు తమంత తాము వేగం తగ్గించుకోవాలి. తగ్గించని దురాశాపరుడికే ఎక్కువ దక్కుతుంది. కనుక రౌటరే పంపకం చేయాలన్న ఆలోచనను జాన్ నేగిల్ 1985లో ముందుకు తెచ్చారు. రౌటర్‌కు అనంతమైన మెమరీ ఉన్నా రద్దీ తీరదని, ప్యాకెట్లు క్యూలోనే కాలం చెల్లి పనికిరాకుండా పోతాయని ఆయన చూపారు. పంపేవారు ఒక్కొక్కరికి ఒక క్యూ ఏర్పరచి, వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీసుకోవాలని సూచించారు.

ఇందులోనూ ఒక సందు మిగిలింది. ప్యాకెట్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. 1500 బైట్ల ప్యాకెట్లు పంపే వారికి 300 బైట్లవి పంపే వారికంటే అయిదు రెట్లు ఎక్కువ దక్కుతుంది. 1989లో అలన్ డెమర్స్, శ్రీనివాసన్ కేశవ్, స్కాట్ షెంకర్ బైట్ల లెక్కన కచ్చితమైన సమానత్వం సాధించే విధానాన్ని ప్రతిపాదించారు. వీరిలో కేశవ్ 1986లో ఢిల్లీ ఐఐటీ నుంచి పట్టా పొందినవారు. విధానం సరైనదే గాని, ప్రతి ప్యాకెట్‌కూ లెక్క కట్టి వరుస పేర్చవలసి రావడంతో వేగవంతమైన రౌటర్లకు అది భారమైంది.

1995లో ఎం. శ్రీధర్, బొంబాయి ఐఐటీ పూర్వ విద్యార్థి జార్జ్ వర్గీస్ కలిసి ఈ భారాన్ని దించారు. 'డెఫిసిట్ రౌండ్ రాబిన్' అని పేరుపొందిన వారి పద్ధతి కిరాణా కొట్టు ఖాతా పుస్తకమంత సరళమైనది. ప్రతి క్యూకు ఒక ఖాతా ఉంటుంది. వంతు వచ్చినప్పుడల్లా ఆ ఖాతాకు నిర్ణీత బైట్లు జమ చేస్తారు. జమ ఉన్నంతవరకే ప్యాకెట్లు పంపాలి. సరిపోకపోతే ఆ జమ తరువాతి వంతుకు మిగిలి ఉంటుంది.

విడతకు 1000 బైట్లు జమ అనుకుందాం. మొదటి క్యూలో 1500 బైట్ల ప్యాకెట్లు, రెండవ దానిలో 300 బైట్ల ప్యాకెట్లు ఉన్నాయి. మొదటి విడతలో మొదటి క్యూ ఏమీ పంపలేదు. దాని 1000 బైట్ల జమ మిగులుతుంది. రెండవది మూడు ప్యాకెట్లు, అంటే 900 బైట్లు పంపుతుంది, 100 మిగులుతుంది. రెండవ విడతలో మొదటి క్యూ జమ 2000. ఒక ప్యాకెట్ పోగా 500 మిగులుతుంది. రెండవ క్యూ జమ 1100. మూడు ప్యాకెట్లు పోగా 200 మిగులుతుంది. మూడవ విడతలో మొదటి క్యూ జమ 1500. మరొక ప్యాకెట్ పోయి సున్నా అవుతుంది. రెండవ క్యూ జమ 1200. నాలుగు ప్యాకెట్లు పోయి అదీ సున్నా అవుతుంది. మూడు విడతలు ముగిసేసరికి ఇద్దరికీ దక్కినవి సరిగ్గా 3000 బైట్లే.

క్యూలో ప్యాకెట్లు అయిపోతే మిగిలిన జమను రద్దు చేస్తారు. ఇవాళ ఊరుకుని రేపు ఒక్కసారిగా దండుకునే వీలు ఉండరాదన్నది ఇందులోని ఉద్దేశం. ప్రోగ్రాములో దీనికి కావలసింది కూడికలు, తీసివేతలు, ఒక పోలిక మాత్రమే. అందువల్లనే ఈ పద్ధతి విస్తృతంగా ఆచరణలోకి వచ్చింది.

చౌక మెమరీ తెచ్చిన తంటా

అదే 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. టెలిఫోన్ తీగ మీద సెకనుకు 9.6 కిలోబిట్ల వేగమే గొప్పగా ఉన్న రోజులవి. ఆ వేగంలో 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి దాటడానికే సెకనుంబావు పడుతుంది. దాని వెనుక ఒక అక్షరం నిలబడి ఉన్నా అంతసేపు ఆగవలసిందే. వేగం పెరిగితే ఈ బాధ తీరుతుందని అందరూ భావించారు.

వేగం పెరిగింది. 2004 నాటి విధానం ప్రకారం 256 కిలోబిట్లు ఉంటే దానిని బ్రాడ్‌బ్యాండ్‌గా పరిగణించారు. ఆ పరిమితి 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. అయితే వేగం కన్నా ముందే మెమరీ చౌకబడింది. ప్యాకెట్ పోవడం తప్పని, నిల్వ చేయడం ఒప్పని తలచిన తయారీదారులు మోడెములలో, రౌటర్లలో భారీ తొట్టెలు అమర్చారు. 256 కిలోబిట్ల తీగ ముందు 256 కిలోబైట్ల తొట్టె ఉన్నదనుకుందాం. అది నిండితే ఖాళీ కావడానికి 8 సెకన్లకు పైగా పడుతుంది. ఒకరు పెద్ద ఫైలు పంపుతుంటే అదే ఇంటిలో మరొకరి మాట 8 సెకన్ల తరువాత అవతలివారి చెవిన పడుతుంది.

పైగా జాకబ్సన్ పద్ధతికి ప్యాకెట్ పోవడమే రద్దీకి సంకేతం. తొట్టె పెద్దదైతే ఆ సంకేతం ఆలస్యంగా అందుతుంది. ఆలోగా పంపేవారు వేగం పెంచుతూనే పోతారు. 2010లో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు తన ఇంటి ఇంటర్నెట్ తరచు స్తంభించడానికి కారణం వెదుకుతూ ఈ రుగ్మతను గుర్తించారు. 'బఫర్‌బ్లోట్' అన్న పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది. తొట్టె ఉబ్బిపోవడమని దాని భావం.

2012లో కాథలీన్ నికోల్స్, అదే వాన్ జాకబ్సన్ కలిసి 'కోడెల్' అనే పరిష్కారాన్ని ప్రకటించారు. తొట్టెలో ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయన్నది అనవసరం, ఒక్కొక్కటి ఎంతసేపు నిరీక్షించిందన్నదే ముఖ్యమని వారి సిద్ధాంతం. నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు ఎడతెగకుండా 5 మిల్లీసెకన్లను మించితే ప్యాకెట్లను వదిలివేయడం మొదలుపెడుతుంది. ఆ సంకేతంతో పంపేవారు సకాలంలో తగ్గుతారు. దీనికి శ్రీధర్, వర్గీస్‌ల వంతుల పద్ధతిని కొద్ది మార్పులతో జోడించి అదే సంవత్సరం లినక్స్ కెర్నెల్‌లో చేర్చారు. ఆ ప్రోగ్రాము ప్రవాహాలను 1024 క్యూలుగా విడదీసి ఒక్కొక్క దానికి విడతకు 1514 బైట్లు జమ చేస్తుంది. 2018లో దానికి ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలలో స్థానం లభించింది.

కొలత తప్పితే

చదివే తొట్టె నిర్వహణలో మరో ప్రమాదం పొంచి ఉంది. తొట్టె హద్దు దాటినా సి భాష తనంత తాను వారించదు. వచ్చిన బైట్లు ఎన్ని, తొట్టెలో పట్టేవి ఎన్ని అన్న లెక్క ప్రోగ్రామరే చూసుకోవాలి. రీడ్ ఆజ్ఞ అడిగినంతా ఇస్తుందన్న హామీ లేదు. 1000 బైట్లు అడిగితే 200 రావచ్చు. ఎన్ని వచ్చాయో గుర్తుంచుకుని, మిగిలిన చోటు లెక్కగట్టి మళ్లీ చదవాలి.

1988 నవంబరులో మోరిస్ వార్మ్ అమెరికాలోని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది ప్రవేశించిన దారులలో ఒకటి, 512 బైట్ల తొట్టెలోకి హద్దు చూడకుండా చదివే ఒక ప్రోగ్రాము. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం దీనికి తిరకాసు. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్, అవతలివారు తాము ఇన్ని బైట్లు పంపామని చెప్పిన మాటను నిజమా కాదా చూడకుండా నమ్మింది. ఫలితంగా ఒక్కో దఫా 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీలోని రహస్యాలను బయటపెట్టింది.

లెక్క సరిగా ఉన్నా దుబారా మరో సమస్య. ప్రతి కనెక్షన్‌కూ ముందుగానే 64 కిలోబైట్ల తొట్టె కేటాయిస్తే 10 వేల కనెక్షన్లకు 640 మెగాబైట్ల మెమరీ ఖర్చవుతుంది. వారిలో అధికులు ఆ క్షణాన ఏమీ పంపకుండా ఉండవచ్చు. ఊరికే కనెక్షన్లు తెరిచి కూర్చుని సర్వర్‌ను కుంగదీసే దాడులూ ఉన్నాయి. అందుకే సమాచారం వచ్చినప్పుడే తొట్టె ఇచ్చి, పని ముగియగానే వెనక్కు తీసుకునే పద్ధతిని మంచి ప్రోగ్రాములు పాటిస్తాయి.

సమానత్వం ఎవరి మధ్య?

ఇంతవరకు వచ్చాక మౌలికమైన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. సమానత్వం కనెక్షన్ల మధ్యనా, కంప్యూటర్ల మధ్యనా, మనుషుల మధ్యనా? కనెక్షన్ల మధ్య అంటే, పది కనెక్షన్లు తెరిచిన వారికి పది వాటాలు, ఒకటే తెరిచిన వారికి ఒక వాటా దక్కుతుంది. ఫైలును ముక్కలు చేసి ఏకకాలంలో అనేక కనెక్షన్ల ద్వారా దించుకునే ప్రోగ్రాములు ఈ సందును వాడుకున్నాయి. రేషన్ షాపు వరుసలో ఒకే ఇంటివారు పది సంచులు నిలబెట్టిన చందమిది. 2018లో లినక్స్‌లో చేరిన 'కేక్' అనే ప్రోగ్రాము ముందుగా కంప్యూటర్ల మధ్య, ఆ తరువాత ఒక్కో కంప్యూటర్‌లోని ప్రవాహాల మధ్య పంచే వీలు కల్పించింది.

విధాన స్థాయిలో ఇదే చర్చ మన దేశంలో మరో రూపంలో సాగింది. సమాచారం ఎవరిదన్న దానిని బట్టి వేర్వేరు ధరలు వసూలు చేయడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. నెట్ సమానత్వ సూత్రాలకు 2018 జులైలో టెలికాం కమిషన్ ఆమోదం తెలిపింది. రద్దీని అదుపు చేయడానికి సముచితమైన చర్యలు తీసుకునే వీలును మాత్రం మినహాయింపుగా ఉంచారు. వంతుల పద్ధతి ఆ మినహాయింపుకు అతికినట్లు సరిపోతుంది. ప్యాకెట్‌లో ఏముంది, అది ఏ సంస్థది అని తరచి చూడకుండానే అది రద్దీని చక్కదిద్దుతుంది. ఎవరి సరుకు అని చూసి వేగం తగ్గించడానికి, ఎంత తీసుకున్నారని మాత్రమే చూసి వంతు మార్చడానికి మధ్య ఉన్న తేడా ఇదే.

పంచాయతీ దాకా వచ్చిన తీగ

ఈ సాంకేతిక వివరాలతో సామాన్యుడికి పని ఏమిటన్న సందేహం రావచ్చు. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకం తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు 100 మెగాబిట్ల చొప్పున సామర్థ్యం అందించాలన్నది దాని తొలి లక్ష్యం. ఇప్పటికి 2 లక్షలకు పైగా పంచాయతీలకు తీగ చేరింది. సవరించిన పథకానికి 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించింది.

పంచాయతీలో దిగిన ఆ తీగను పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం, తపాలా కార్యాలయం, ఇళ్లు పంచుకోవాలి. చివరి అంచెలో ఒక భవనానికి 10 మెగాబిట్లు అందుతున్నాయని, అక్కడి రౌటర్‌లో 1 మెగాబైటు తొట్టె ఉన్నదని అనుకుందాం. ఎవరో ఒకరు వీడియో దించుకుంటూ ఆ తొట్టెను నింపితే ప్రతి ప్యాకెట్ 0.8 సెకను ఆలస్యమవుతుంది. సంభాషణ సాఫీగా సాగాలంటే ఒక వైపు జాప్యం 0.15 సెకను లోపు ఉండాలన్నది అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సిఫార్సు. పట్టణంలోని వైద్యునితో మాట్లాడుతున్న రోగికి బొమ్మ ఆగిపోయి, మాట తెగిపోతుంది. వేగం కొలిచి చూస్తే 10 మెగాబిట్లు నిక్షేపంగా కనబడతాయి. కాగితం మీద ఫిర్యాదుకు ఆస్కారమే ఉండదు.

అదే రౌటర్‌లో వంతుల పద్ధతి, నిరీక్షణ కొలిచే పద్ధతి అమలైతే వీడియో దించుకునే వారికి పెద్దగా నష్టం లేకుండానే వైద్యుని మాట వినబడుతుంది. ఇందుకు కొత్త తీగ అక్కరలేదు. ప్రోగ్రాము ఉచితమైనది, దాని సి భాషా రచన ఎవరైనా చదువుకోగలిగినది. 'ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ' వంటి ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో అది ముందే అమర్చి ఉంది. చేయవలసిందల్లా ప్రజాధనంతో రౌటర్లు కొనే టెండర్లలో వేగంతోపాటు, తీగ నిండుగా ఉన్న వేళ జాప్యం ఎంత అన్న షరతును కూడా చేర్చడం, సరుకు అందాక దానిని కొలిచి చూడడం.

కాలువ తవ్వడంతో సేద్యం పూర్తి కాదని, చివరి పొలానికి వంతు అందినప్పుడే ఆ ఖర్చు సార్థకమని సాగునీటి రంగం దశాబ్దాల అనుభవంతో నేర్చుకుంది. లక్ష కోట్లకు పైగా వెచ్చించి వేస్తున్న ఈ కొత్త కాలువల విషయంలో ఆ పాఠాన్ని మొదటి నుంచే గుర్తుంచుకోవలసి ఉంది.